ట్యాగ్ వేశాం, బిల్డ్‌కు కనబడలేదు

కర్నూలు ఉల్లి మార్కెట్‌లోనూ ఆదోని పత్తి యార్డులోనూ కమీషన్ ఏజెంట్లు వాడే కాటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు బిల్డ్‌లు, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా తయారుచేసే పని, చూసుకోవడం నా ఉద్యోగం. రైతు చేతికి వెళ్లే తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) అడుగున చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు పడుతుంది. మండీ గుమాస్తా ఫోన్ చేసి "మేడం, తరుగు రెండుసార్లు తీసేస్తోంది" అన్నప్పుడు నేను మొదట అడిగేది ఆ నంబరే. అక్కడ 0.0.0 అని ఉంటే ఇక ఆ ఫోన్‌తో ఉపయోగం లేదు. ఏ కోడ్ చూడాలో తెలియకుండా తప్పు ఎక్కడని వెతుకుతాం?

ఆ నంబరును మా దగ్గర ఎవరూ చేత్తో రాయరు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, ఒక మార్పుకు పేరుగా వేసిన ట్యాగ్‌ను బిల్డ్ స్క్రిప్ట్ చదివి ప్రోగ్రాంలోకి ఎక్కిస్తుంది. ఆ చదవడం ఎక్కడెక్కడ తప్పుతుందో, ఎలా పట్టుకోవాలో చెబుతాను. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

స్క్రిప్ట్ తెరవడానికి ముందు

నంబరు తప్పుగా రాగానే అందరూ చేసే పని స్క్రిప్ట్ తెరిచి మార్చడం. దయచేసి ఆగండి. చాలాసార్లు స్క్రిప్ట్ బాగానే ఉంటుంది. అది నడిచే యంత్రంలో ఉన్న రిపాజిటరీ (కోడ్, దాని చరిత్ర) కాపీయే అరకొరగా ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ట్యాగ్ కనబడటం దేనికీ రుజువు కాదు. బిల్డ్ జరిగే చోటికి వెళ్లి, ఆ ఫోల్డర్‌లోనే ఈ నాలుగూ నడపండి:

గిట్ రెవ్-పార్స్ హెడ్
గిట్ రెవ్-పార్స్ --ఈజ్-షాలో-రిపాజిటరీ
గిట్ ట్యాగ్ --పాయింట్స్-యాట్ హెడ్
గిట్ ఎల్ఎస్-రిమోట్ --ట్యాగ్స్ ఆరిజిన్

మొదటిది ఏ కమిట్ (చరిత్రలో నమోదైన ఒక మార్పు) మీద బిల్డ్ జరుగుతోందో చెబుతుంది, హెడ్ అంటే ఆ కమిటే. రెండోది చరిత్ర మొత్తం వచ్చిందా, పై పొర మాత్రమే వచ్చిందా అన్నది. మూడోది ఈ కమిట్ మీద ఈ యంత్రానికి తెలిసిన ట్యాగ్‌లు. నాలుగోది అసలు సర్వర్‌లో ఉన్న ట్యాగ్‌లు. మూడో దానిలో లేనిది నాలుగో దానిలో ఉంటే తప్పు తెచ్చుకోవడంలో ఉంది. నాలుగో దానిలోనూ లేకపోతే ట్యాగ్ వేసినవారు దాన్ని సర్వర్‌కు పంపలేదు. ఈ నాలుగు లైన్లను నేను ప్రతి బిల్డ్ స్క్రిప్ట్ మొదట్లో శాశ్వతంగా ఉంచేశాను. లాగ్‌లో నాలుగు లైన్లు పెరిగితే ఎవరికీ నష్టం లేదు.

పంపకపోవడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మామూలు గిట్ పుష్ ట్యాగ్‌లను తీసుకెళ్లదు. గిట్ పుష్ ఆరిజిన్ అని రాసి పక్కన ట్యాగ్ పేరు ఇవ్వాలి. లేదా --ఫాలో-ట్యాగ్స్ వాడాలి. అది పంపుతున్న కమిట్లకు చెందిన అనొటేటెడ్ ట్యాగ్‌లను (ఈ రకం గురించి కింద చెబుతాను) మాత్రమే వెంట తీసుకెళ్తుంది. పుష్.ఫాలోట్యాగ్స్ అనే సెట్టింగ్‌ను ట్రూ చేస్తే ప్రతిసారీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. --ట్యాగ్స్ అని మాత్రం అలవాటుగా కొట్టకండి. మీ యంత్రంలో పరీక్షకోసం వేసుకున్న పిచ్చి ట్యాగ్‌లు కూడా ఊరేగింపుగా సర్వర్‌కు వెళ్తాయి. వాటి వల్ల వచ్చే చిక్కు మరొకటి ఉంది, గిట్‌హబ్ దగ్గర చెబుతాను.

లోతు తక్కువ క్లోన్

నేను చూసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే తప్పు ఇదే. సర్వర్ నుంచి రిపాజిటరీ కాపీ తెచ్చుకోవడమే క్లోన్. సమయం ఆదా అవుతుందని గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ వంటి బిల్డ్ సర్వీసులు చరిత్ర మొత్తం తెచ్చుకోవు. గిట్‌హబ్ యాక్షన్స్‌లోని చెకౌట్ యాక్షన్ ఏమీ చెప్పకపోతే ఒకే ఒక్క కమిట్ తెస్తుంది, వేరే ట్యాగ్‌లను తీసుకురాదు. గిట్‌ల్యాబ్‌లో కొత్త ప్రాజెక్టులకు లోతు 20 అని ఉంటుంది. గిట్ డిస్క్రైబ్ అనే కమాండ్ పనిచేసే తీరేమో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఉన్న కమిట్ నుంచి ఒక్కో అడుగూ వెనక్కి నడిచి, దగ్గరలో ఉన్న ట్యాగ్‌ను పట్టుకుని, అక్కడి నుంచి ఎన్ని కమిట్లు గడిచాయో లెక్కపెడుతుంది. వి3.6.0-14-జి70219ఎఫ్4 అని వస్తే 3.6.0 తర్వాత పద్నాలుగు కమిట్లు జరిగాయని, ప్రస్తుత కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు సంఖ్య) 70219ఎఫ్4తో మొదలవుతుందని అర్థం. ముందున్న జి గిట్‌కు గుర్తు, హ్యాష్‌లో భాగం కాదు. నడవడానికి దారే లేనప్పుడు "నో నేమ్స్ ఫౌండ్, కెనాట్ డిస్క్రైబ్ ఎనీథింగ్" అని చేతులెత్తేస్తుంది.

"నిన్నటి దాకా పనిచేసింది, నేనేమీ మార్చలేదు అక్కా" అనే మాట వినబడితే గిట్‌ల్యాబ్ లోతునే ముందుగా అనుమానిస్తాను. చివరి ట్యాగ్ ఆ ఇరవై లోపల ఉన్నంత కాలం అంతా సవ్యంగా కనబడవచ్చు. ఉల్లి సీజన్ ముందు మార్పులు ఎడాపెడా చేరతాయి, ట్యాగ్ లోతు దాటి వెనక్కి పోతుంది. ఒక రోజు బిల్డ్ విరుగుతుంది, ఆ రోజు కమిట్ చేసినవారి మీద నింద పడుతుంది. పాపం, వారికీ దానికీ సంబంధం లేదు.

సరిచేయడం తేలిక. గిట్‌హబ్‌లో చెకౌట్ దగ్గర ఫెచ్-డెప్త్‌ను 0 చేయండి. అప్పుడు అన్ని బ్రాంచ్‌ల చరిత్ర, అన్ని ట్యాగ్‌లు వస్తాయి. గిట్‌ల్యాబ్‌లో గిట్_డెప్త్ వేరియబుల్‌ను 0 చేయండి. జెంకిన్స్ అనే మరో బిల్డ్ సర్వర్‌లోని మల్టీబ్రాంచ్ జాబ్‌లో ట్యాగ్‌లను కూడా తెమ్మని అడ్వాన్స్‌డ్ క్లోన్ బిహేవియర్స్‌లో విడిగా చెప్పండి. సెట్టింగ్‌లు మార్చే అధికారం మీకు లేకపోతే స్క్రిప్ట్‌లోనే గిట్ ఫెచ్ --అన్‌షాలో --ట్యాగ్స్ అని రాసుకోవచ్చు. అయితే చరిత్ర ఇప్పటికే పూర్తిగా ఉన్న చోట --అన్‌షాలో తప్పు చూపి ఆగిపోతుంది. పైన చెప్పిన రెండో కమాండ్ ట్రూ అన్నప్పుడే దాన్ని నడిపేలా షరతు పెట్టండి.

ట్యాగ్‌లను మాత్రం తెచ్చి చరిత్రను వదిలేస్తే చాలదా అని అడుగుతారు. ఉన్న కమిట్ మీదే ట్యాగ్ ఉంటే చాలు. లేకపోతే ట్యాగ్ ఒక ఒడ్డున, కమిట్ మరో ఒడ్డున ఉండి మధ్యలో వంతెన ఉండదు. మా రిపాజిటరీ పెద్దదేమీ కాదు, కాబట్టి నేను మొత్తం తెచ్చుకుంటాను. వేగం కోసం లోతు తగ్గించి, ఆ తర్వాత తప్పు వెతుక్కుంటూ పూటలు పోగొట్టుకోవడం నాకు నచ్చదు.

రెండు రకాల ట్యాగ్‌లు

యార్డులో లాటు మీద సుద్దతో అంకె వేయడం ఒక పద్ధతి, ఎవరి సరుకో, ఏ తేదీయో రాసిన చీటీ కట్టడం మరో పద్ధతి. గిట్‌లోనూ అలాగే. గిట్ ట్యాగ్ అని పేరు మాత్రం ఇస్తే పడేది లైట్‌వెయిట్ ట్యాగ్. దానిలో కమిట్ హ్యాష్ తప్ప ఏమీ ఉండదు. -ఎ ఇస్తే పడేది అనొటేటెడ్ ట్యాగ్. వేసినవారి పేరు, తేదీ, సందేశం దానిలో ఉంటాయి. గిట్ డిస్క్రైబ్ ఏ ఆప్షనూ లేకపోతే అనొటేటెడ్ వాటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అందువల్లే కళ్లెదుట 3.7.0 ట్యాగ్ ఉన్నా బిల్డ్ మాత్రం 3.6.0-31 అంటూ ఉంటుంది. ఏ రకమో తెలుసుకోవడానికి గిట్ క్యాట్-ఫైల్ -టి పక్కన ట్యాగ్ పేరు ఇవ్వండి. ట్యాగ్ అని జవాబొస్తే అనొటేటెడ్, కమిట్ అని వస్తే లైట్‌వెయిట్.

డిస్క్రైబ్‌కు --ట్యాగ్స్ చేరిస్తే రెండు రకాలనూ చూస్తుంది. నేను ఆ దారి ఎంచుకోను. విడుదలకు అనొటేటెడ్ ట్యాగ్ మాత్రమే, సొంత గుర్తులకు లైట్‌వెయిట్ అని మాలో మాకు ఒప్పందం. స్క్రిప్ట్ దాని మీదే నిలబడుతుంది. ఒకే కమిట్ మీద రెండు రకాలూ ఉంటే గిట్ అనొటేటెడ్ దానికే పెద్దపీట వేస్తుంది. రెండూ అనొటేటెడ్ అయితే కొత్త తేదీ ఉన్నది గెలుస్తుంది. పరీక్షకు వేసిన వి3.7.0-ఆర్‌సి2నే అసలు విడుదలగా ఖాయం చేసి, అదే కమిట్ మీద వి3.7.0 వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బిల్డ్ యంత్రమే ట్యాగ్ వేసే పద్ధతి ఉన్నవారికి ఒక మాట. అనొటేటెడ్ ట్యాగ్‌కు పేరు, ఈమెయిల్ కావాలి. అక్కడ యూజర్.నేమ్, యూజర్.ఈమెయిల్ అమర్చకపోతే మీరెవరో చెప్పమని గిట్ ఆగిపోవచ్చు.

అనొటేటెడ్ ట్యాగ్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. కొందరు స్క్రిప్ట్‌లో ట్యాగ్ హ్యాష్‌నూ హెడ్ హ్యాష్‌నూ పోల్చి, సమానమైతే విడుదల అంటారు. గిట్ రెవ్-పార్స్ వి3.7.0 అంటే అనొటేటెడ్ ట్యాగ్ విషయంలో వచ్చేది ట్యాగ్ వస్తువు సొంత హ్యాష్. అది కమిట్ హ్యాష్‌తో ఎన్నటికీ కలవదు. లైట్‌వెయిట్ ట్యాగ్‌లతో రాసిన స్క్రిప్ట్ అనొటేటెడ్‌కు మారగానే ఇలా మొరాయిస్తుంది. గిట్ రెవ్-లిస్ట్ -ఎన్ 1 వి3.7.0 అని అడిగితే రెండు రకాలకూ కమిట్ హ్యాషే వస్తుంది. పోల్చాల్సింది దానితో.

ట్యాగ్ ఉంది, చరిత్ర ఉంది, అయినా పాత నంబరే

ఇక్కడ కొమ్మలు, అంటే బ్రాంచ్‌లు చూడాలి. రిలీజ్ బ్రాంచ్ మీద ట్యాగ్ వేసి, ఆ తర్వాత ఆ బ్రాంచ్‌ను స్క్వాష్ చేసి (కమిట్లన్నిటినీ ఒకటిగా నొక్కి) ముఖ్య బ్రాంచ్ మెయిన్‌లో కలిపితే, మెయిన్‌లో పడేది కొత్త కమిట్. ట్యాగ్ ఉన్న కమిట్ దానికి పూర్వీకుడు కాదు. రీబేస్ చేసినా (కమిట్లను మరో చోట తిరిగి రాసినా) అంతే. మెయిన్ నుంచి వెనక్కి నడిచే డిస్క్రైబ్‌కు ఆ ట్యాగ్ ఎదురుకాదు. అనుమానం తీర్చుకోవడానికి:

గిట్ మెర్జ్-బేస్ --ఈజ్-యాన్సెస్టర్ వి3.7.0 హెడ్

ఇది తెర మీద ఏమీ చూపదు. ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) 0 అయితే పూర్వీకుడు, 1 అయితే కాదు. దీనికి స్క్రిప్ట్‌లో మందు లేదు. ముందు కలపండి, కలిపాక మెయిన్‌లో పడిన కమిట్ మీద ట్యాగ్ వేయండి.

"అన్నిటికంటే కొత్త ట్యాగ్" కోసం గిట్ ట్యాగ్ జాబితాలో చివరి లైను తీసుకునే స్క్రిప్ట్‌లను ఇంకా చూస్తున్నాను. ఆ జాబితా అక్షర క్రమంలో ఉంటుంది. వి3.10.0 ముందు, వి3.9.0 తర్వాత వస్తాయి. పది దాటేవరకు అందరూ సుఖంగా ఉంటారు. --సార్ట్=-వి:రెఫ్‌నేమ్ ఇస్తే అంకెలను అంకెలుగా పోల్చి పెద్దది పైన ఉంచుతుంది. ఆర్‌సి ట్యాగ్‌లు వాడేవారు వెర్షన్‌సార్ట్.సఫిక్స్ సెట్టింగ్‌లో -ఆర్‌సి అని కూడా ఇవ్వాలి. లేకపోతే ఆర్‌సి అసలు విడుదల కంటే కొత్తదిగా లెక్కకొస్తుంది.

నంబరు చివర -డర్టీ అని తగులుకుందంటే చెకౌట్ తర్వాత ఏదో ఫైలు మారిందని అర్థం. గిట్ స్టేటస్‌ను డిస్క్రైబ్‌కు ముందు లైనులో పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. మా దగ్గర ప్యాకేజ్-లాక్ ఫైలు దొరికింది. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ దాన్ని తిరగరాస్తోంది, ఎన్‌పీఎం సీఐకి మార్చాక పోయింది. విండోస్ యంత్రాల్లో లైను చివరి గుర్తులు మారిపోవడం వల్లా ఇలా వస్తుంది.

కంటైనర్‌లో బిల్డ్ చేసేవారికి

2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2 నుంచి, ఫోల్డర్ యజమాని ఒకరు, గిట్ నడిపేవారు మరొకరు అయితే గిట్ పనిచేయడానికి ఒప్పుకోదు. "డిటెక్టెడ్ డూబియస్ ఓనర్‌షిప్" అంటుంది. భద్రత కోసం తెచ్చిన మార్పు అది. కంటైనర్‌లో (యంత్రంలోనే వేరుగా నడిచే పెట్టెలో) రూట్‌గా నడుస్తూ, బయటి వాడుకరి పేరు మీద ఉన్న ఫోల్డర్‌ను చదివే బిల్డ్‌లకు ఇది తగులుతుంది. ఆ ఫోల్డర్ దారిని సేఫ్.డైరెక్టరీ సెట్టింగ్‌లో చేర్చండి. అక్కడ నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటినీ అనుమతించే సలహా కూడా చలామణిలో ఉంది. బిల్డ్ ముగియగానే చెరిగిపోయే కంటైనర్‌లో అయితే సరే, నలుగురు వాడే సర్వర్‌లో వద్దు.

డాకర్ ఫైలు (కంటైనర్ తయారీ సూచనలు) లోపలే గిట్ డిస్క్రైబ్ నడిపేవారు డాకర్‌ఇగ్నోర్ ఫైలు తెరిచి చూడండి. దానిలో డాట్‌గిట్ ఉంటే లోపలికి చరిత్రే వెళ్లదు. చరిత్రను లోపలికి పంపే బదులు నంబరును బయటే తేల్చి బిల్డ్ ఆర్గ్‌గా ఇవ్వడం మేలు.

ట్యాగ్ వేసినా బిల్డ్ మొదలే కాకపోతే

గిట్‌హబ్‌లో ఒకేసారి మూడు కంటే ఎక్కువ ట్యాగ్‌లు పంపితే వాటికి పుష్ ఈవెంట్‌లే పుట్టవు. --ట్యాగ్స్ వద్దన్నది ఇందుకు కూడా. మరొకటి: ఒక వర్క్‌ఫ్లో తనకిచ్చిన గిట్‌హబ్_టోకెన్‌తో ట్యాగ్ పంపితే, ఆ ట్యాగ్ వల్ల వేరే వర్క్‌ఫ్లో కదలదు. ఒకదాన్నొకటి అంతులేకుండా పిలుచుకోకుండా గిట్‌హబ్ పెట్టిన అడ్డు అది. వేరే టోకెన్ ఇవ్వాలి, లేదా విడుదల పనిని అదే వర్క్‌ఫ్లోలో కలిపేయాలి. జెంకిన్స్ మల్టీబ్రాంచ్‌లో డిస్కవర్ ట్యాగ్స్ చేర్చినా ట్యాగ్ జాబితాలో కనబడుతుందే గాని తనంతట తాను బిల్డ్ కాదు.

గిట్‌ల్యాబ్‌లో తలనొప్పి వేరు. బిల్డ్ నడుస్తుంది, కానీ సంతకానికి వాడే కీ ఖాళీగా వస్తుంది. ప్రొటెక్టెడ్ అని గుర్తు పెట్టిన వేరియబుల్‌లు ప్రొటెక్టెడ్ బ్రాంచ్‌లకు, ప్రొటెక్టెడ్ ట్యాగ్‌లకు మాత్రమే అందుతాయి. మెయిన్ ప్రొటెక్టెడ్ కాబట్టి అక్కడ అంతా బాగుంటుంది. ట్యాగ్ దగ్గరికి వచ్చేసరికి కీ ఉండదు. వి* అనే నమూనాను ప్రొటెక్టెడ్ ట్యాగ్‌లలో చేర్చితే సరిపోతుంది. ట్యాగ్ పైప్‌లైన్‌లో సీఐ_కమిట్_బ్రాంచ్ ఉండదు, సీఐ_కమిట్_ట్యాగ్ ఉంటుంది. బ్రాంచ్ పేరు మీద షరతులు రాసిన చోట్ల ఇది కూడా చూసుకోండి.

వేసిన ట్యాగ్‌ను కదపడం

ఆదోనిలో పక్కపక్కనే ఉన్న రెండు షాపుల్లో ఒకే 3.6.0. ఒక షాపు తక్‌పట్టీలో హమాలీ పైసలతో సహా వస్తోంది, మరో షాపులో రూపాయికి సర్దుబాటై వస్తోంది. రైతులు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అడిగారు, న్యాయమే. బెంగళూరు నుంచి పనిచేసే సహోద్యోగి ఒకరు, విడుదలైన తర్వాత చిన్న తప్పు కనబడితే సరిచేసి, అదే ట్యాగ్‌ను --ఫోర్స్‌తో కొత్త కమిట్ మీదికి జరిపారు. "ఒక్క లైనే కదా అక్కా, అప్పటికి ఎవరూ తీసుకోలేదు అనుకున్నా" అన్నారు. మా బిల్డ్ సర్వర్ అప్పటికే తీసుకుంది.

పంపిన ట్యాగ్‌ను కదపకండి. 3.6.1 వేయండి. అంకెలకు కరువు లేదు. సెమాంటిక్ వెర్షనింగ్ నియమాలు కూడా విడుదలైన వెర్షన్‌లోని సరుకును మార్చకూడదనే చెబుతాయి. గో భాషలో మాడ్యూల్ ట్యాగ్ కదిపితే చెక్‌సమ్ కలవక వాడుకునేవారి బిల్డ్‌లు ఆగిపోతాయి. 2018 డిసెంబరులో వచ్చిన గిట్ 2.20 నుంచి, స్థానికంగా ఉన్న ట్యాగ్ సర్వర్‌లో మరో చోటికి కదిలితే ఫెచ్ దాన్ని మౌనంగా మార్చదు. "వుడ్ క్లాబర్ ఎగ్జిస్టింగ్ ట్యాగ్" అని తిరస్కరిస్తుంది. చాలామంది ఆ సందేశం చూడగానే స్క్రిప్ట్‌లో --ఫోర్స్ చేరుస్తారు. ఆ సందేశం తప్పు కాదు, ఎవరో ట్యాగ్ కదిపారన్న ఫిర్యాదు. ముందు ఎవరు, ఎందుకు అని తేల్చుకోండి. వర్క్‌స్పేస్‌ను ఉంచేసుకునే జెంకిన్స్ వంటి చోట్ల, సర్వర్‌లో తొలగించిన ట్యాగ్ స్థానికంగా అలాగే మిగిలిపోతుంది. గిట్ ఫెచ్ --ప్రూన్ --ప్రూన్-ట్యాగ్స్ ఆ చెత్తను ఊడుస్తుంది.

ఇతరుల ట్యాగ్‌లను నమ్మడం మరీ ప్రమాదం. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్‌లో చొరబాటుదారులు పాత ట్యాగ్‌లలో చాలావాటిని ఒక హానికర కమిట్ మీదికి జరిపారు. 23,000కు పైగా రిపాజిటరీలు వాడుతున్న యాక్షన్ అది. రహస్య కీలు బిల్డ్ లాగ్‌లలో పడ్డాయి. బయటి యాక్షన్‌లను నేను ట్యాగ్ పేరుతో కాక పూర్తి నలభై అక్షరాల కమిట్ హ్యాష్‌తోనే రాస్తాను.

స్క్రిప్ట్‌లో మార్చాల్సింది

ఇప్పుడు స్క్రిప్ట్ తెరవండి. మొదట వెతకాల్సింది డిస్క్రైబ్ విఫలమైతే 0.0.0 అని రాసుకునే లైను. దాన్ని తీసేయండి. --ఆల్వేస్ ఆప్షన్ కూడా అలాంటిదే, ట్యాగ్ దొరకకపోతే చడీచప్పుడు లేకుండా హ్యాష్ ఇచ్చేస్తుంది. నంబరు తెలియని ప్యాకేజీ కంటే ఆగిపోయిన బిల్డ్ వెయ్యి రెట్లు నయం. ఆగితే ఇక్కడ నేను విసుక్కుంటాను, అంతే.

రెండోది కనబడకుండా దాక్కునే తప్పు. డిస్క్రైబ్ జవాబు నుంచి ముందున్న వి అక్షరం తీయడానికి దాన్ని పైప్‌తో సెడ్ అనే మరో కమాండ్‌కు పంపుతారు. అప్పుడు ఎగ్జిట్ కోడ్ సెడ్‌ది, అది ఎప్పుడూ 0. డిస్క్రైబ్ చచ్చిపోయినా స్క్రిప్ట్ ఖాళీ నంబరుతో ముందుకు సాగుతుంది. బ్యాష్‌లో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ పెట్టండి. ఎక్స్‌పోర్ట్ రాసిన లైనులోనే కమాండ్ నడిపి విలువ ఇచ్చినా ఇదే జరుగుతుంది. విలువ ఒక లైనులో, ఎక్స్‌పోర్ట్ మరో లైనులో రాయండి.

విడుదల బిల్డ్‌కు డిస్క్రైబ్‌తో --ఎగ్జాక్ట్-మ్యాచ్ వాడతాను. కమిట్ మీద ట్యాగ్ లేకపోతే అక్కడే ఆగుతుంది. రోజువారీ బిల్డ్‌లకు --లాంగ్, --డర్టీ రెండూ. రెండింటికీ --మ్యాచ్‌లో వి[0-9]* అనే నమూనా ఇస్తాను, వేరే పేర్ల ట్యాగ్‌లు అడ్డం రావు. ప్యాకేజీ తయారయ్యాక ఆ ప్రోగ్రాంనే --వెర్షన్‌తో నడిపి, వచ్చిన జవాబును డిస్క్రైబ్ జవాబుతో పోల్చే మెట్టు ఒకటుంటుంది. తేడా ఉంటే అప్‌లోడ్ జరగదు. కాష్‌లో మిగిలిన పాత ఫైలు నుంచి పాత నంబరు దూరిపోవడాన్ని పట్టేది ఈ మెట్టే.

నంబరును డాకర్ ఇమేజ్ ట్యాగ్‌గా కూడా వాడితే ఒక చివరి తనిఖీ. డాకర్ ట్యాగ్‌లో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, చుక్క, హైఫన్ మాత్రమే చెల్లుతాయి, 128 అక్షరాలు మించకూడదు. ప్లస్ గుర్తుతో బిల్డ్ వివరం చేర్చే సెమాంటిక్ వెర్షన్ అక్కడ తిరస్కారానికి గురవుతుంది, మేము ప్లస్‌ను హైఫన్‌గా మార్చి పంపుతాం. రిలీజ్/3.7 వంటి పేర్లలోని ఏటవాలు గీత ఫైలు పేరులోకి వెళ్తే స్క్రిప్ట్ లేని ఫోల్డర్ కోసం వెతుకుతుంది, దాన్నీ అదే లైనులో మార్చేయండి.